వర్ణన చదువుతుంటే అందరూ ఫోన్లు చూస్తున్నారు, లార్ప్‌లో మీరెలా నెట్టుకొస్తున్నారు?

మట్టికోట_హన్మకొండ:

నమస్తే అందరికీ. మేము పదహారు మందిమి, నెలకో ఆదివారం హసన్‌పర్తి అవతల దోస్తు వాళ్ల మామిడితోటలో లార్ప్ ఆడుతున్నాం. తెలియనివాళ్ల కోసం: ఇది టేబుల్ ముందు కూర్చుని పాచికలు వేసే ఆట కాదు. వేషం కట్టుకుని, ఆ పాత్రలాగే తిరుగుతూ మాట్లాడుతూ ఆడాలి, రాసిపెట్టిన డైలాగులు ఉండవు, చూసే జనమూ ఉండరు. మా కథ 1323లో నడుస్తుంది. ఢిల్లీ సైన్యం ఓరుగల్లు చుట్టూ దిగింది, కోట లోపల గింజలు అడుగంటుతున్నాయి.

కథ నడిపేది నేనే, సమస్య కూడా నాతోనే అనిపిస్తోంది. ప్రతి ఘట్టం ముందు పేజీ నిండా వర్ణన రాసుకొచ్చి చదువుతా. చీకటి పడింది, కందకంలో నీళ్లు నల్లగా కదులుతున్నాయి, దూరాన ఏనుగులు ఘీంకరిస్తున్నాయి అని. చదివేది మధ్యాహ్నం పన్నెండింటికి, నెత్తిన ఎండ, పక్కన బోరు మోటారు చప్పుడు. మూడో లైనుకే ఒకడు ఫోన్ తీస్తాడు.

పోట్లాట ఇంకా ఘోరం. నీళ్ల పైపుకి ఏసీ వాళ్లు వాడే నల్ల ఫోమ్ చుట్టి, పైన టేపు వేసి కత్తులు చేసుకున్నాం, అవి బాగానే వచ్చాయి. కానీ కొట్టినప్పుడల్లా 'రెండు డామేజ్', 'మూడు డామేజ్' అని (ఎదుటివాడి ప్రాణం పాయింట్లలో అంత కోత అన్నమాట) అరుస్తుంటే కూరగాయల మార్కెట్‌లో వేలం పాట లెక్క ఉంది. పోయినసారి మా సేనాపతి మధ్యలో ఆగి 'అన్నా, నాకింకా ఒక పాయింట్ ఉందా?' అని అడిగాడు, లేదన్నాక మెల్లగా, బట్టలకు మట్టి అంటకుండా చూసుకుని పడుకున్నాడు. అందరం నవ్వాం, నేనూ నవ్విన, కానీ ఇంటికి పోతుంటే మనసు అదోలా అయింది. తలా రెండు వందలకు మించి ఖర్చు పెట్టలేం. ఏం చేయొచ్చు?

బొగ్గుబాయి_బిడ్డ:

తమ్మీ, ముందు ఆ కాగితం చింపేయ్.

మాది గోదావరిఖని, చదువు కోసం రెండేళ్లు డెన్మార్క్‌లో ఉన్నప్పుడు అక్కడ కొన్ని ఆటలు ఆడిన. అక్కడా, పక్కన నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌లోనూ దీన్ని మస్తు సీరియస్‌గా తీసుకుంటారు, 1997లో ఓస్లోలో మొదలైన క్నూటెపుంక్ట్ అనే సమావేశం ఏటేటా ఈ నాలుగు దేశాలు తిరుగుతూ జరుగుతుంది, అక్కడ కూర్చుని దీని గురించే వాదించుకుంటారు. వాళ్లలో చాలామంది పట్టుకున్న ఒక మాట ఏంటంటే, కంటికి ఏది కనిపిస్తే ఆటలో అదే ఉన్నట్టు. మామిడిచెట్టు మామిడిచెట్టే, దాన్ని ఏనుగు అనుకోండి అని ఎవరూ చెప్పరు. చెప్పాల్సి వచ్చిందంటే దాన్ని ఆటలోకి తేకపోవడమే మంచిది.

మొత్తం తోటను ఓరుగల్లు చేయాలంటే నీ రెండు వందలు ఎటూ చాలవు. ఒక్క జాగా పట్టుకో. ధాన్యం కొట్టు అనుకో, నాలుగు గోనెసంచులు, ఒక తట్ట, తూకం రాళ్లు, సంచులను కొంచెం తడిపి పెడితే ఆ ముక్కిన వాసనే సగం పని చేస్తుంది. మూడు సంచుల్లో ఇసుక, ఒక్కదాంట్లోనే జొన్నలు. చెయ్యి పెట్టి చూసినవాడికి కోట ఎన్ని రోజులు నిలుస్తుందో నువ్వు చెప్పాల్సిన పని లేదు. ఇంకో మాట, పొద్దుగూకే వేళకు మొదలుపెట్టు, ఎండాకాలం పన్నెండింటికి కవచం తొడిగితే కథలో మునగడం సంగతి దేవుడెరుగు, వడదెబ్బ తగులుతుంది.

డామేజ్ లెక్కలు తీసేయ్. దెబ్బ ఎంత గట్టిదో తిన్నవాడే తేల్చుకోవాలి. భుజానికి తగిలితే ఆ చెయ్యి వేలాడేయాలి, కత్తి రెండో చేతికి మారాలి, అరుపు రావాలి. నిజంగా దెబ్బ తగిలితే మాత్రం ఆట ఆపడానికి ఒక మాట పెట్టుకోండి, అక్కడ 'కట్' అంటే అన్నీ ఆగిపోతాయి, 'బ్రేక్' అంటే కొంచెం తగ్గించమని. ఇది లేకుండా మాత్రం ఆడకండి.

డోలుదెబ్బ_జనగామ:

నేను లార్ప్ ఎప్పుడూ ఆడలేదు, కానీ అక్క చెప్పిన దాంట్లో సగమే ఒప్పుకుంటా. కనిపించేదే ఉన్నట్టు అనుకుంటే మన ఒగ్గుకథ వాళ్లు తెల్లారేదాకా మల్లన్న కథ ఎట్లా నడుపుతారు? డోలు, తాళాలు, ఒక తువ్వాలు, అంతే కదా సామాను. కథ చెప్పేవాడే ఒక నిమిషం తల్లి అవుతాడు, ఇంకో నిమిషం కొడుకు. అయితే ఆయన ఒక్కడే చెప్పుకుంటూ పోడు, పక్కవాళ్లు వంత పాడతారు, మధ్యలో ఆపి అడుగుతారు, ఎకసెక్కం ఆడతారు. నీ పేజీ పడిపోయింది వర్ణన ఎక్కువై కాదు, అడిగేవాడు లేక.

చిన్నప్పుడు మా ఊళ్లో చిందు యక్షగానం చూసేవాణ్ని (మా జిల్లా గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది చూడు, ఆ కళే). రాజు వేషం తెర వెనుక నుంచి వచ్చీ రాగానే కథలోకి దిగడు. ఎవరు నువ్వు, ఎక్కడి నుంచి వస్తున్నావని వాద్యాల దగ్గర నుంచి అడుగుతుంటే పాటలో, మాటలో తనను తానే వర్ణించుకుంటాడు. దాన్ని మీ కోట దర్వాజా దగ్గర పెట్టు. ఇద్దరు కావలివాళ్లు, లోపలికి వచ్చే ప్రతి ఒక్కరినీ మూడు ప్రశ్నలు అడగాలి. ఏ తొవ్వన వచ్చినవ్, కాళ్లకు ఆ బురద ఎక్కడిది, వస్తుంటే ఏం వినబడింది. జవాబు చెప్పేవాడు అప్పటికప్పుడు కల్పించి చెప్తాడు, వాడు చెప్పిందే నిజమైపోతుంది. కందకం అవతల గుర్రాల సకిలింపు విన్నానని ఒకడు అన్నాడంటే ఇక అందరికీ వినిపించాల్సిందే.

శాసనం_పిచ్చి:

చిన్న చిన్న విషయాలు. తిండి పెడితే మిరపకాయ వద్దు, అది పోర్చుగీసు వాళ్లతో వచ్చింది, 1323లో ఎక్కడిది? టమాట, ఆలుగడ్డ కూడా లేవు. జొన్న గటకలోకి మిరియాల చారు పోసి పెట్టండి, తినగానే తేడా తెలుస్తుంది. రూపాయలు అనకండి, మాడలు, రూకలు అనండి. గంటలు, నిమిషాలు కాదు, జాములు, ఘడియలు.

అసలు 1323 ఎందుకు పట్టుకున్నారో నాకు అర్థం కాలేదు. ఆ ముగింపు అందరికీ తెలుసు, ప్రతాపరుద్రుడు పట్టుబడతాడు, ఆడేవాడికి ఇంకేం ఆశ ఉంటుంది? అంతకుముందు ఢిల్లీ సుల్తాన్ కొడుకు ఉలుగ్ ఖాన్ ఒకసారి వచ్చి ఓరుగల్లును ముట్టడించి ఓడిపోయి తిరిగిపోయాడు, అది ఆడండి. ఢిల్లీ నుంచి ఉత్తరాలు రావడం ఆగిపోయింది, సుల్తాన్ చనిపోయాడని డేరాల్లో పుకారు లేచింది, సర్దార్లు ఒక్కొక్కరే జారుకున్నారు. పుకారును వర్ణించక్కర్లేదు, చెవిలో ఊదితే చాలు. ఎనిమిది మంది కోటలో, ఎనిమిది మంది డేరాల్లో, మధ్యలో నాలుగు ఉత్తరాలు, వాటిలో రెండు దొంగవి.

ఖిలా వరంగల్‌లోకి పోయి ఆడదామని మాత్రం అనుకోకండి, అది పురావస్తు శాఖ రక్షణలో ఉంది.

కాజీపేట_లోకో:

ఇవన్నీ సరే గానీ ఊళ్లో సర్పంచుకు, పక్క పొలాల వాళ్లకు ముందే చెప్పండి. మేము ఒకసారి రాత్రి చెరువు కట్ట మీద నాటకం రిహార్సల్ పెట్టుకుంటే దొంగలనుకుని ఊరంతా కట్టెలు పట్టుకుని వచ్చింది. అంత నిజంగా మునిగిపోయి నేను మళ్లీ ఎప్పుడూ నటించలేదు.

మట్టికోట_హన్మకొండ:

నిన్న ఆడి వచ్చాం, అందుకే మళ్లీ రాస్తున్నా. సాయంత్రం ఐదున్నరకు మొదలుపెట్టాం, ఫోన్లన్నీ ఒక బుట్టలో వేసి దోస్తు వాళ్ల అమ్మకు ఇచ్చాం, మోటారు బంద్ చేయించాం. రెండు చెట్ల మధ్య గోనెపట్టా కట్టి అదే దర్వాజా అన్నాం. జనగామ అన్న చెప్పిన ప్రశ్నలు కావలివాళ్లకు ఇచ్చిన. మాలో అసలు నోరు విప్పని ఒకడున్నాడు, ఎప్పుడూ భటుడి వేషమే. వాణ్ని ఆపి ఆ మూటలో ఏముందని అడిగితే, కాసేపు కిందకు చూసి, 'మా అమ్మ చీర, నీళ్లలో దొరికింది' అన్నాడు. ఎవరూ ఏం మాట్లాడలేదు. నేను రాసుకున్న ఏ పేజీలోనూ అది లేదు.

ఇసుక సంచి సంగతి మాత్రం మొదటి పావుగంటలోనే బయటపడింది, ఒకడు కూర్చుంటే చిరిగింది. ఇంకొకటి, లెక్కలు తీసేశాక మా బావ చావడం మానేశాడు. ఎన్ని దెబ్బలు తగిలినా 'గీసుకుంది అంతే' అంటాడు. ఏం చేయాలక్కా?

బొగ్గుబాయి_బిడ్డ:

చావమని బతిమాలకు. చస్తే ఆట అయిపోయింది, చెట్టు కింద ఖాళీగా కూర్చోవాలి, అందుకే చావడం లేదు. చచ్చినవాడు పావుగంటలో తలపాగా మార్చుకుని, దొంగ ఉత్తరం ఒకటి చేతిలో పట్టుకుని అవతలి డేరా నుంచి వస్తాడని చెప్పు. అందరికంటే ముందు మీ బావే పడిపోతాడు.