మైనస్ 20లో బండి ఎంతసేపు ఆన్‌లో ఉంచాలి? 30 సెకన్లా, 15 నిమిషాలా?

డులూత్_దారి
మిన్నియాపొలిస్. పొద్దున 6 గంటలకి మైనస్ 20 సెల్సియస్ అటూ ఇటూ, బండి రాత్రంతా బయటే. పెట్రోల్ సెడాన్, 0డబ్ల్యూ-20 ఆయిల్ (చలికి తక్కువ చిక్కబడే గ్రేడ్), రిమోట్ స్టార్ట్ ఉంది. ఆఫీసు 4 మైళ్ళు. 15 నిమిషాలు వేడెక్కనివ్వకపోతే ఇంజన్ పోతుందని కొందరు, ఊరికే ఆన్‌లో ఉంచితేనే పోతుందని కొందరు. ఏది నిజమో కారణాలతో చెప్పండి. "మా బావమరిది అలాగే చేస్తాడు" అన్న జవాబులు వద్దు.

పానా_10_12
30 సెకన్లు, మహా అయితే నిమిషం. స్టార్ట్ అవ్వగానే ఆర్‌పీఎం 1200, 1500 దగ్గర ఉంటుంది చూడండి, అది కాస్త కిందికి దిగాక గేర్ వేసి మెల్లగా కదలండి. మొదటి నాలుగైదు కిలోమీటర్లు 2500 దాటనివ్వకండి, అంతే.

15 నిమిషాల అలవాటు అంబాసిడర్, పద్మిని కాలం నాటిది. అప్పుడు కార్బ్యురేటర్. చోక్ లాగి, యాక్సిలరేటర్ మీద కాలు ఆడిస్తూ కూర్చోకపోతే రోడ్డు మధ్యలో ఆగిపోయేది. ఇప్పుడు చలి ఎంత ఉందో సెన్సర్ చూసుకుని, ఎంత పెట్రోల్ కొట్టాలో కంప్యూటరే లెక్క వేస్తుంది.

అసలు నష్టం ఇక్కడ ఉంది. చల్లటి ఇంజన్‌లో పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు. అందుకని కంప్యూటర్ ఎక్కువ కొడుతుంది. మిగిలిన తడి పెట్రోల్ సిలిండర్ గోడల మీద ఆయిల్ పొరని కడిగేసి, రింగుల సందుల్లోంచి కిందున్న ఆయిల్‌లో కలుస్తుంది. లోడ్ లేకుండా తిరిగే ఇంజన్‌కి వేడి పుట్టేదే తక్కువ, కాబట్టి ఈ దశ సాగుతూనే ఉంటుంది. నడిపితే త్వరగా వేడెక్కి దీన్ని దాటేస్తుంది.

మంచుపార
పానా గారూ, ఇంజన్ సంగతి ఒప్పుకుంటా. కానీ బండి నడిపేది ఇంజన్ కాదు, మనిషి. మైనస్ 20లో 30 సెకన్లకి కదిలితే అద్దం మీద పోస్ట్‌కార్డంత కంత గీకి, అందులోంచి చూస్తూ పోవాలి. ఊపిరి తగిలి లోపలివైపు కూడా మంచు పడుతుంది. అక్కడ స్కూలు బస్సులూ, ఫుట్‌పాత్ మీద పిల్లలూ ఉంటారు. అద్దాలన్నీ శుభ్రంగా కనపడేదాకా బండి కదలకూడదు, అది 5 నిమిషాలు పట్టినా 10 పట్టినా.

సందేహాల_రావు
అంటే ఇంజన్ కోసం 30 సెకన్లు, అద్దం కోసం 10 నిమిషాలు. ఇద్దరూ వేరే వేరే ప్రశ్నలకి జవాబు చెప్తున్నారు కదా.

మంచుపార
అదే నేననేది. అయితే ఆ 10 నిమిషాలు తగ్గించే దారి ఉంది. రాత్రి బండి ఆపే ముందే బ్లోయర్‌ని ముందు అద్దం మీదకి పెట్టి, వేడి పూర్తిగా తిప్పి, అప్పుడు ఆఫ్ చేయండి. చాలా బండ్లలో రిమోట్ స్టార్ట్ ఆఖరి సెట్టింగ్‌నే పట్టుకుంటుంది. లోపలి గాలే తిరిగే బటన్ ఆపేసి బయటి గాలి తీసుకోండి. ఏసీ లైట్ వెలుగుతున్నా గడ్డకట్టే చలిలో కంప్రెసర్ మామూలుగా తిరగదు. ఫర్వాలేదు, బయటి గాలి ఎలాగూ పొడిగానే ఉంటుంది. బూట్ల మంచు దులిపి ఎక్కండి. మ్యాట్ మీద కరిగిన నీళ్ళే మర్నాడు అద్దం లోపల మంచు.

వైపర్లు ఆఫ్ చేశాకే బండి ఆపండి. అద్దానికి అతుక్కుపోయిన వైపర్ స్టార్ట్ అవ్వగానే లాగబోతే ఫ్యూజ్ పోతుంది, లేదా మోటార్. ఇక వేడినీళ్ళు పోసేవాళ్ళకి ఒక దండం. అద్దం పగులుతుంది. స్ప్రే బాటిల్‌లో రెండు వంతులు రబ్బింగ్ ఆల్కహాల్, ఒక వంతు నీళ్ళు కలిపి కొట్టండి, పొర వదులుతుంది.

సెల్ఫ్_మోటార్
అందరూ ఇంజన్, అద్దం అంటున్నారు, మైనస్ 20లో ముందు చచ్చేది బ్యాటరీ. మైనస్ 18 దగ్గర దాని బలం సగానికి పడిపోతుంది. అదే సమయంలో ఆయిల్ చిక్కబడి సెల్ఫ్ మోటార్ ఎక్కువ కరెంట్ అడుగుతుంది. బ్యాటరీ మీద సీసీఏ అని ఉండే అంకె కూడా మైనస్ 18 దగ్గర కొలిచినదే: 12 వోల్టుల బ్యాటరీ 7.2 వోల్టుల కిందికి పోకుండా 30 సెకన్ల పాటు ఇవ్వగల ఆంపియర్లు. కొనేటప్పుడు బండికి చెప్పిన అంకె కంటే తక్కువది తీసుకోవద్దు.

రాత్రంతా ఆగి ఉన్న బండికి మల్టీమీటర్ పెట్టండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం. 12.2 చూపించే బ్యాటరీ మీద మైనస్ 20లో ఆశ పెట్టుకోకండి. నిండుగా ఉన్న బ్యాటరీ మన చలికి గడ్డకట్టదు, పూర్తిగా దిగిపోయినది మాత్రం మైనస్ 10 లోపే గడ్డకట్టేస్తుంది. డొక్క ఉబ్బి ఉంటే జంప్ (ఇంకో బండి బ్యాటరీ కలిపి స్టార్ట్ చేయడం) ఇవ్వద్దు, పేలుతుంది.

ఇప్పుడు 15 నిమిషాల వాళ్ళకి నా ప్రశ్న. ఆ సేపు వెనక అద్దం హీటర్, సీటు హీటర్లు, ఫుల్ బ్లోయర్, హెడ్‌లైట్లు అన్నీ ఆన్. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు, బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ పూర్తి కరెంట్ ఇవ్వదు. ఇంక బ్యాటరీకి మిగిలేదెంత? ఆ పైన 4 మైళ్ళు నడిపి ఆపేస్తారు. సెల్ఫ్ తీసుకున్నది తిరిగి నిండకుండానే సాయంత్రం మళ్ళీ సెల్ఫ్. ఇలా వారం గడిస్తే శుక్రవారం "టిక్, టిక్" తప్ప ఇంకేం వినపడదు.

డులూత్_దారి
అయితే జంప్ ఇచ్చే వరస కూడా చెప్పేయండి, అవసరం వచ్చేలా ఉంది.

సెల్ఫ్_మోటార్
ఎర్రది చచ్చిన బ్యాటరీ ప్లస్‌కి. రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి. ఆఖరి కొస చచ్చిన బండి ఇంజన్ మీద రంగు లేని లోహానికి, బ్యాటరీకి దూరంగా. నిప్పురవ్వ వచ్చినా బ్యాటరీ పక్కన రాకూడదని. మంచి బండి ఐదు నిమిషాలు ఆన్‌లో ఉంచి అప్పుడు సెల్ఫ్ కొట్టండి. తీసేటప్పుడు తలకిందుల వరస.

పానా_10_12
సెల్ఫ్ గారు నా వైపే వచ్చారు, సంతోషం. ఇంకోటి. ఆయిల్ పోసే మూత తీసి చూడండి. పొట్టి ప్రయాణాల బండికి చలికాలంలో దాని కింద మజ్జిగలాంటి నురగ పట్టి ఉంటుంది. చూడగానే "హెడ్ గాస్కెట్ పోయింది, కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోంది" అని హడలిపోతారు. గేజ్ పుల్ల తీసి ఆయిల్ చూడండి. పుల్ల మీద శుభ్రంగా ఉండి, కూలెంట్ మట్టం తగ్గకపోతే అది ఆవిరి నీళ్ళే. ఆయిల్ బాగా వేడెక్కేలా వారానికోసారి అరగంట హైవే మీద నడిపితే పోతుంది. పుల్లకి పెట్రోల్ వాసన కొడితే, మట్టం పోసినదానికంటే పెరిగితే, మైళ్ళు చూడకుండా ఆయిల్ మార్చేయండి. గడ్డకట్టే చలిలో పొట్టి ప్రయాణాలని చాలా మాన్యువల్స్ "సివియర్" వాడకం కింద, అంటే ఆయిల్ త్వరగా మార్చాల్సిన వాడకం కింద, లెక్కేస్తాయి.

ఫార్గో_పెట్టెబండి
పానా గారి 30 సెకన్ల సూత్రం మైనస్ 10 దాకా సరే. మైనస్ 30కి దిగితే కథ వేరు. ఇంజన్ ఆయిల్ ఒక్కటే కాదు, గేర్‌బాక్స్ ఆయిల్, షాక్ అబ్జార్బర్లు, చక్రాల బేరింగుల గ్రీజు అన్నీ బిగుసుకుపోతాయి. అక్కడ మూడు నుంచి ఐదు నిమిషాలు ఇచ్చి, మొదటి మైలు నడక వేగంతో పోవాలి. అసలు జవాబు ఆన్‌లో ఉంచడం కాదు, బ్లాక్ హీటర్, అంటే ఇంటి కరెంటుతో ఇంజన్‌ని ముందే వేడి చేసేది. 400 నుంచి 1000 వాట్లు ఉంటుంది. బయలుదేరడానికి మూడు గంటల ముందు ఆన్ అయ్యేలా టైమర్ పెట్టండి, రాత్రంతా దండగ. 500 వాట్లది మూడు గంటలు అంటే ఒకటిన్నర యూనిట్. బయట వాడే మూడు పిన్నుల మందపాటి వైరే వాడాలి, ఇంట్లో సన్న ఎక్స్‌టెన్షన్ వైరు వేడెక్కి కరుగుతుంది.

పానా_10_12
మైనస్ 30కి ఐదు నిమిషాలు, ఒప్పుకుంటున్నా. ఆయిల్ గ్రేడ్‌లో డబ్ల్యూ అంటే వింటర్. మైనస్ 30లో 5డబ్ల్యూ అంచు మీద ఉంటుంది, 0డబ్ల్యూని మైనస్ 35 దగ్గర పరీక్షిస్తారు. పాత డీజిల్ బండికి పోసే 15డబ్ల్యూ-40 మైనస్ 20కే చేతులెత్తేస్తుంది. కూలెంట్‌లో గ్లైకాల్, నీళ్ళు సగం సగం ఉంటే మైనస్ 37 దాకా కాస్తుంది. "చిక్కగా ఉంటే మంచిది కదా" అని నీళ్ళు కలపకుండా పోయకండి, వట్టి గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది.

చింతపల్లి_ఘాట్
ఇవన్నీ చదివి మా వైపు వాళ్ళు లంబసింగిలో కూడా పావుగంట ఆన్‌లో పెడుతున్నారు. అక్కడ ఎంత చలైనా సున్నా అటూ ఇటే. ఆదిలాబాద్‌లో 5 డిగ్రీలు మనిషికి చలి, ఇంజన్‌కి కాదు. అర నిమిషం చాలు. మా తిప్పలు మంచు గడ్డ కాదు, పొగమంచు. లో బీమ్ వేయండి, హై బీమ్ వేస్తే తెల్లగోడ కనపడుతుంది. నడుస్తూ నాలుగు ఇండికేటర్లు వేయకండి, మలుపు ఎటో వెనకవాడికి తెలియదు.

సందేహాల_రావు
డీజిల్ సంగతి ఎవరూ అనలేదు. లేహ్ వెళ్ళే బండ్లలో కిరోసిన్ కలపమంటారు, నిజమేనా?

ఫార్గో_పెట్టెబండి
పాత పంపులకి నడిచేది. బీఎస్-6 కాలుష్య ప్రమాణాల కొత్త బండికి వద్దు, డీజిల్ జిడ్డే పంపుని కాపాడేది, కిరోసిన్‌లో ఆ జిడ్డు తక్కువ. డీజిల్‌లో మైనం ఉంటుంది, చలికి పేరుకుని ఫిల్టర్ మూసుకుపోతుంది. ఇండియన్ ఆయిల్ 2019లో లడఖ్ కోసం మైనస్ 33 దాకా పారే శీతాకాలపు డీజిల్ తెచ్చింది, అక్కడి బంకులో అదే పోయించుకోండి. ఇక్కడా అంతే, టెక్సస్‌లో ఫుల్ ట్యాంక్ కొట్టించి డకోటా వస్తే తెల్లారేసరికి జెల్లీ. గడ్డకట్టకుండా పోసే మందు పేరుకోకముందు పోయాలి, పేరుకున్నాక పోస్తే లాభం లేదు.

మంచుపార
అసలు తగువుకి వస్తా. అమెరికా ఇంధన శాఖ లెక్కలో మైనస్ 7 సెల్సియస్‌లో ఊళ్ళో తిరిగే పెట్రోల్ బండి మైలేజీ 15 శాతం పడిపోతుంది, మూడు నాలుగు మైళ్ళ ప్రయాణాలకి 24 శాతం దాకా. డులూత్ గారి 4 మైళ్ళు అదే కోవ. అయినా అద్దం విషయంలో నేను దిగను. పది నిమిషాల పెట్రోల్ కంటే గుద్దిన బంపర్ ఖరీదు ఎక్కువ.

పానా_10_12
గీకడం ఎవరు వద్దన్నారు? స్టార్ట్ చేసి దిగి, నాలుగు అద్దాలూ, లైట్లూ, పైకప్పూ దులపండి. మూడు నాలుగు నిమిషాల పని, ఆలోగా డీఫ్రాస్ట్ కూడా అందుకుంటుంది. ఎల్‌ఈడీ హెడ్‌లైట్ వేడికి మంచు కరగదు, చేత్తోనే తుడవాలి. రిమోట్ స్టార్ట్ నొక్కి ఇంట్లో కాఫీ తాగే వాళ్ళతోనే నా పేచీ.

సెల్ఫ్_మోటార్
ఆ కాఫీ వాళ్ళకి ఒక్క ముక్క. గ్యారేజీలో రిమోట్ నొక్కకండి, తలుపు తీసి ఉన్నా సరే, కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకే వస్తుంది. రాత్రి మంచు బాగా పడితే ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ పార పెట్టి తీసి, ఆ తర్వాతే స్టార్ట్ చేయండి.

డులూత్_దారి
సరే. రేపు మల్టీమీటర్ పెడతా, గ్రిల్ వెనక బ్లాక్ హీటర్ వైరు ఉందేమో చూస్తా. ఈలోగా టైరు లైట్ వెలిగింది, పంక్చర్ అంటారా?

పానా_10_12
నాలుగూ ఒకేలా తగ్గాయేమో ముందు కొలవండి. ప్రతి 10 ఫారెన్‌హీట్‌కి ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. 60 ఫారెన్‌హీట్‌లో 33 పెట్టించుకున్నది మైనస్ 4 ఫారెన్‌హీట్‌కి, అంటే మీ మైనస్ 20 సెల్సియస్‌కి, దాదాపు 27. పొద్దున బండి కదలకముందు, డ్రైవర్ తలుపు స్టిక్కర్ మీదున్న అంకెకి కొట్టించండి. ఒక్కటే మరీ తక్కువ ఉంటే అప్పుడు మేకు వెతకండి.