హ్యాండ్‌బ్రేక్ దించినా వెనక చక్రం తిరగట్లేదు

నల్లడబ్బా:
వెనక డ్రమ్ బ్రేకులున్న హ్యాచ్‌బ్యాక్, ఫ్రంట్ వీల్ డ్రైవ్. హ్యాండ్‌బ్రేక్ వేసి 15 రోజులు వానలో ఆరుబయట ఉంచాం. ఇప్పుడు లివర్ పూర్తిగా దిగుతోంది, ఎర్ర లైటూ ఆరుతోంది. బండి కదిపితే మాత్రం వెనక ఎడమ చక్రం తిరగకుండా ఈడ్చుకొస్తోంది. కేబులా, షూలా?

స్పానర్_12:
లైటుని నమ్మకండి. దాని స్విచ్ లివర్ కిందే ఉంటుంది, చక్రం దగ్గర సంగతి దానికి తెలీదు. 15 రోజుల వాన అంటున్నారు కాబట్టి షూల (డ్రమ్ లోపల ఒత్తుకుని చక్రాన్ని ఆపే వంపు ముక్కలు) మీది రాపిడి పొర, అంటే లైనింగ్, తుప్పుతో చక్రంతో పాటు తిరిగే డ్రమ్ముకి అంటుకుపోయి ఉంటుంది. ముందు రివర్స్‌లో, తర్వాత ఫస్ట్ గేర్లో క్లచ్ మెల్లగా వదులుతూ నాలుగైదు సార్లు ఊపండి. టక్‌మంటే విడిపోయినట్టే. యాక్సిలరేటర్ తొక్కి లాగొద్దు, లైనింగ్ షూ నుంచి ఊడి లోపలే ఇరుక్కుంటుంది.

కదలకపోతే ముందు చక్రాలకి అటూ ఇటూ చెక్క అడ్డాలు పెట్టి, ఫస్ట్ గేర్లో ఉంచి, వీల్ నట్లు నేల మీదే కాస్త వదులు చేసి జాకీ ఎత్తండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, కింద స్టాండ్ ఉండాలి. చక్రం తీశాక డ్రమ్ ముఖం మీద, స్టడ్ల (వీల్ నట్లు ఎక్కే బోల్టులు) మధ్య, చెక్కముక్క అడ్డం పెట్టి కిలో సుత్తితో చుట్టూ కొట్టండి. అంచు మీద కొడితే పోత ఇనుము పెచ్చు లేస్తుంది.

రాచెట్:
సుత్తి పట్టుకునే ముందు రెండు నిమిషాల పని ఒకటుంది. లివర్ దగ్గర కవర్ తీస్తే కేబుల్ అడ్జస్టర్ నట్టు కనిపిస్తుంది. ఎన్ని చుట్లో లెక్కపెట్టుకుంటూ వదులు చేయండి. చక్రం తిరిగిందా, కేబుల్ తొడుగులో తుప్పు పట్టి ఇరుక్కుంది. దానికి నూనె పోయడం నాలుగు రోజుల ముచ్చటే, కేబుల్ మార్చాలి. తిరగలేదంటే పైన చెప్పినట్టు షూలే.

నల్లడబ్బా:
నట్టు వదిలినా తిరగలేదు. చెక్క పెట్టి కొడితే విడిపోయింది, కానీ డ్రమ్ బయటికి రావట్లేదు. తుప్పు వదిలే స్ప్రే కొట్టనా?

స్పానర్_12:
అస్సలు వద్దు, లైనింగ్‌కి నూనె తగిలితే ఆ షూలు మార్చాల్సిందే. డ్రమ్ముకి ఎదురెదురుగా రెండు మర రంధ్రాలున్నాయేమో చూడండి. మారుతి చిన్న కార్లలో 8 ఎంఎం బోల్టులు పడతాయి. రెండూ అరచుట్టు అరచుట్టు సమంగా బిగిస్తే డ్రమ్ముని అవే బయటికి నెడతాయి.

తీశాక ధూళిని గాలితో ఊదకండి, బ్రేక్ క్లీనర్‌తో కడగండి. డ్రమ్ లోపలి తుప్పుని 80 నంబరు గరుకు కాగితంతో రుద్దితే చాలు. వీల్ సిలిండర్ (కాలి బ్రేకు తొక్కితే షూలని డ్రమ్ముకేసి నెట్టేది) రబ్బరు అంచు కొద్దిగా ఎత్తి చూడండి, తడిగా ఉంటే బ్రేక్ ఆయిల్ కారుతున్నట్టే. షూలు మారిస్తే రెండు వైపులా మార్చాలి.

రాచెట్:
బిగించాక ముందు కాలి బ్రేకు పది పదిహేను సార్లు తొక్కి షూలని సర్దుకోనివ్వండి, కేబుల్ నట్టు ఆ తర్వాతే. వరస తిప్పితే ఆటో అడ్జస్టర్, అంటే షూల ఎడాన్ని తనంతట తానే సర్దేది, పనిచేయదు. లివర్ ఎన్ని క్లిక్కులకి పట్టాలో మాన్యువల్‌లో ఉంటుంది. లివర్ దించినప్పుడు రెండు చక్రాలూ చేత్తో తేలిగ్గా తిరగాలి. ఇక మీదట వానలో వారాల తరబడి ఆపాల్సొస్తే, చదును నేల మీద గేర్లో ఉంచి చక్రాలకి అడ్డాలు పెట్టండి, హ్యాండ్‌బ్రేక్ వేయకండి.