కీళ్లవాతంతో పోల్ డాన్స్: పట్టు ఎలా?

ప్రశ్న (పర్లాకిమిడి): రుమటాయిడ్ ఆర్థరైటిస్. పొద్దున వేళ్లు బిగుసుకుపోతాయి. డాన్స్‌కి ఇంట్లో 45 మి.మీ. మందం పోల్ (నిలువు స్తంభం) పెట్టొచ్చా? పైన రేకులు.

జవాబు: రేకుల కింద వద్దండి. నేలకీ పైకప్పుకీ మధ్య నొక్కి నిలబెట్టే పోల్‌కి గట్టి శ్లాబు కావాలి, లేదంటే ఊడి మీద పడుతుంది.

జవాబు: వేళ్లతో వేలాడకండి. మోచేతి మడతలో, మోకాలి మడతలో పోల్ ఇరికించి బరువు అక్కడ వేయండి. బిగుతు వదిలాక, సాయంత్రం చేయండి. కీళ్లు వాచిన రోజు పోల్ జోలికే వెళ్లొద్దు. ఒంటికి నూనె రాసుకున్న రోజు కూడా అంతే, జారడమే! మన ఉక్కకి చెమట ఎలాగూ తప్పదు, స్పిరిట్ గుడ్డతో పోల్ తుడుస్తూ ఉండండి.

జవాబు: తలకిందుల భంగిమలకు ముందు డాక్టరుని అడిగి మెడ వంచి, చాచి ఎక్స్‌రే తీయించుకోండి. ఈ జబ్బు మెడ పై రెండు పూసల మధ్య పట్టు సడలించగలదు. నొప్పి లేదు కదా అని వదిలేయకండి.