పునఃవర్గీకరణా, పునర్వర్గీకరణా?

ప్రశ్న: నమస్కారం. మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. అపార్ట్‌మెంట్ కింద చిన్న గ్రంథాలయం నడుపుతున్నాం. ఇన్నాళ్లూ పుస్తకాలు రచయిత పేరు వరసలో ఉండేవి. పిల్లలు వెతుక్కోలేకపోతున్నారని ఇప్పుడు కథలు, సైన్స్, చరిత్ర, వంటలు అని విడదీస్తున్నాం. నోటీసులో నేను ‘పునఃవర్గీకరణ’ అని రాశాను. మా సెక్రటరీగారు ‘పునర్విభజన’ అనాలంటున్నారు. ఆదివారం లోపు ప్రింటుకివ్వాలి, టెన్షన్‌గా ఉంది. ఏది రాయమంటారు?

జవాబు: అమ్మా, మీరు ఎంచుకున్న మాట సరైనదే, సంధి దగ్గరే తప్పింది. పునః తర్వాత అచ్చుగానీ, గ, జ, న, వ లాంటి అక్షరంగానీ వస్తే విసర్గ పోయి ‘ర్’ వస్తుంది. పునరావాసం, పునర్జన్మ, పునర్నిర్మాణం అంటాం కదా, అలాగే పునర్వర్గీకరణ. క, ప ముందైతే విసర్గ నిలుస్తుంది: పునఃపరిశీలన. అక్కడ కూడా చాలామంది విసర్గకు బదులు కోలన్ కొట్టేస్తున్నారు. తెలుగు కీబోర్డులో విసర్గ విడిగా ఉంటుంది, వెతికి అదే కొట్టండి.

పునర్విభజన అంటే హద్దులు మార్చి మళ్లీ పంచడం. నియోజకవర్గాలకు వాడతాం. 2022 ఏప్రిల్ 4న మన జిల్లాలోంచి అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు ఏర్పడ్డప్పుడూ ఆ మాట బాగా వినిపించింది. వర్గీకరణకు హద్దుతో పని లేదు, లక్షణం చూస్తాం. ప్లూటో ఉన్న కక్ష్యలోనే తిరుగుతోంది. 2006లో దాన్ని గ్రహాల్లోంచి తీసి మరుగుజ్జు గ్రహాల్లో చేర్చారు. అదీ పునర్వర్గీకరణ.

ఇంకొకరు: మాస్టారూ, నేను హార్బర్ దగ్గర రొయ్యల షెడ్డులో సూపర్‌వైజర్ని. కిలోకి 30 తూగితే 30 కౌంట్ అంటాం. ఆ ట్రేలో 40 కౌంట్‌వి కలిసిపోతే ఆడవాళ్లు మొత్తం బల్లమీద పోసి మళ్లీ ఏరుతారు. దీన్ని కూడా పునర్వర్గీకరణ అనొచ్చా?

జవాబు: అక్కర్లేదు బాబూ. మీ కౌంట్లు మారలేదు, తప్పు ట్రేలో పడ్డవి తమ ట్రేలోకి వెళ్లాయి, అంతే. ‘మళ్లీ ఏరడం’ చక్కటి మాట, అదే ఉంచండి. రేపు కౌంట్లు పక్కన పెట్టి టైగర్ వేరు, వనామీ వేరు అని రకాన్నిబట్టి విడదీయమంటే అప్పుడు పునర్వర్గీకరణ అవుతుంది.

అమ్మా, మీ రిజిస్టర్‌లో ఆ మాట రాసుకోండి. తలుపు మీద చదివేది పిల్లలు కాబట్టి ‘పుస్తకాలను విషయాల వారీగా మళ్లీ సర్దుతున్నాం’ అని రాయండి.

అడిగినవారు: అలాగే మాస్టారూ. ఇప్పుడే మార్చేశాను, సెక్రటరీగారు కూడా సరేనన్నారు.