కోంక్ చర్చి గుమ్మం మీది పద్యం: గణాలు, ప్రాస

మన యతిప్రాసల్లాంటివి లాటిన్‌లో ఉన్నాయా అని మొన్న ఇక్కడ ఒకరు అడిగారు కదండీ, దానికి మంచి ఉదాహరణ రాతి మీదే ఉంది. దక్షిణ ఫ్రాన్స్‌లో అవేరోన్ ప్రాంతంలో కొండవాలున కోంక్ అని చిన్న ఊరు. అక్కడ సాంత్ ఫ్వా అనే క్రైస్తవ పునీతురాలి పేరున్న చర్చి పడమటి గుమ్మం పైన, అర్ధచంద్రాకారంలో, 12వ శతాబ్దం తొలినాళ్ళలో చెక్కిన తుది తీర్పు (లోకాంతాన దేవుడు మనుషులను స్వర్గానికో నరకానికో పంపడం) శిల్పం ఉంది. 124 మంది కనిపిస్తారు అందులో, అక్కడక్కడా పాత రంగు కూడా ఇంకా మిగిలి ఉంది. దాని అడుగు అంచున ఈ రెండు పాదాలు:

ఓ పెక్కాతోరేస్ త్రాన్స్‌మూతేతిస్ నిసి మోరేస్
యూదికియుమ్ దూరుమ్ వోబీస్ స్కీతోతె ఫుతూరుమ్

"పాపులారా, మీ నడత మార్చుకోకపోతే మీకు కఠినమైన తీర్పు తప్పదని తెలుసుకోండి" అని అర్థం.

ముందు గణాలు చూద్దాం. ఇది హెక్సామీటర్, పాదానికి ఆరు గణాలు. భగణమైనా (ఒక గురువు, రెండు లఘువులు) పడొచ్చు, రెండు గురువులైనా పడొచ్చు, ఐదోది మాత్రం మామూలుగా భగణమే, ఆరోది రెండక్షరాలే. మొదటి పాదం విడదీస్తే: ఓపెక్, కాతో, రేస్‌త్రాన్స్, మూతే, తిస్‌నిసి, మోరేస్. వరసగా తొమ్మిది గురువులు పడ్డాక గానీ ఒక్క లఘువు రాదు! పొల్లు చేరితే గురువు అనే లెక్క మనకున్నట్టే వాళ్ళకీ ఉంది, 'తిస్' గురువైంది అందుకే. 'నిసి' అంటే 'లేకపోతే', వచనంలో అయితే క్రియకు ముందు రావాల్సిన మాట, ఇక్కడ ఐదో గణానికి రెండు లఘువులు కావాలి కాబట్టి వెనక్కి జరిగింది. మన పద్యాల్లో అన్వయం చెదిరినట్టే.

ఇక ప్రాస. పాదం నడుమ విరామం దగ్గర 'తోరేస్', చివర 'మోరేస్'. రెండోదాంట్లో 'దూరుమ్', 'తూరుమ్'. దీన్ని లియోనైన్ ప్రాస అంటారు. ప్రాచీన రోమన్ కవి వర్జిల్ కాలంలో ఇది నియమం కాదు, మధ్యయుగాల్లో బాగా ప్రచారంలోకి వచ్చింది. మన యతి పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ మైత్రి కుదురుస్తుంది, ఇది నడిమి మాటకీ చివరి మాటకీ కుదురుస్తుంది.

అదే శిల్పం మీద ఇలాంటి పాదాలు ఇంకా ఉన్నాయి. నరకం వైపు "ఫూరేస్ మెన్దాకేస్ ఫల్సీ కుపిదీక్వె రపాకేస్", అంటే దొంగలు, అబద్ధాలకోర్లు, మోసగాళ్ళు, పేరాశపరులు, దోపిడీదార్లు. మెడలో డబ్బుసంచితో ఉరికి వేలాడే పిసినారి, గుర్రం మీంచి తలకిందులుగా పడుతున్న యోధుడు కూడా అటే ఉంటారు. ఆ పద్యాలన్నీ శిల్పంలో ఉన్నవాళ్ళ సంగతే చెబుతాయి. అడుగున ఉన్న ఈ ఒక్క పద్యం మాత్రం గుమ్మం ముందు నిలబడ్డ మనిషిని 'మీరు' అని పిలిచి మాట్లాడుతుంది, నాకు ఇందులో అన్నిటికంటే నచ్చేది అదే. బెదిరింపే, కాదనను. కానీ 'నిసి' ఉంది, అంటే మారడానికి ఇంకా టైముంది. పైన స్వర్గం వైపు సాంత్ ఫ్వా దేవుడి చేతి ముందు సాగిలపడి వేడుకుంటూ ఉంటుంది, ఆమె వెనక సంకెళ్ళు వేలాడుతుంటాయి. ఖైదీలను విడిపించే తల్లిగా ఆమెకు పేరు మరి.

చర్చి కట్టడం 11వ శతాబ్దం మధ్యలో, ఓదోల్రిక్ మఠాధిపతిగా ఉన్నప్పుడు మొదలైంది. ఫ్రాన్స్‌లోని ల ప్వీ ఊరి నుంచి స్పెయిన్‌లోని సాంతియాగో పుణ్యక్షేత్రానికి నడిచే యాత్రికుల దారిలో ఉంది కాబట్టి, పూజ జరుగుతున్నా ఆటంకం లేకుండా జనం పక్క నడవల్లోంచి వెళ్ళి పీఠం వెనక నుంచి, మన గుళ్ళో ప్రదక్షిణ చేసినట్టు, తిరిగి వచ్చేలా కట్టారు. 1837లో చారిత్రక కట్టడాల తనిఖీ అధికారి ప్రాస్పర్ మెరిమే వచ్చేనాటికి బాగా దెబ్బతిని ఉంది, ఆ తర్వాతే మరమ్మతులు జరిగాయి.

ద్విపద రాసేవాళ్ళు ఎవరైనా దీన్ని తెనిగించండి. మొదటి పాదం 'మార్పు'తో, రెండోది 'తీర్పు'తో ఎత్తుకుంటే ప్రాస దానంతటదే కుదురుతుంది, ఆపైన లియోనైన్ ప్రాస కూడా నిలబెట్టగలరేమో చూడండి.