కాన్పు సాయానికి చికాగో వెళ్తున్న అమ్మానాయనలు: దారిలో గానీ అక్కడ గానీ ఆపద వస్తే?

కావలి వాసి:

చికాగోలో ఉంటున్న మా అక్కకు నవంబరు మొదటి వారంలో కాన్పు. అమ్మానాయనలు అక్టోబరు మధ్యలో చెన్నై నుంచి అబుదాబి మీదుగా వెళ్తున్నారు. నాయనకు 67 ఏళ్లు. చక్కెర వ్యాధి ఎప్పటినుంచో ఉంది, రెండేళ్ల క్రితం గుండెకు స్టెంటు కూడా వేశారు. ఇంగ్లీషు కూడబలుక్కొని చదువుతారు గానీ అవతలివాళ్లు వేగంగా మాట్లాడితే అందుకోలేరు. అమ్మకు తెలుగు తప్ప వేరే భాష రాదు. ఇద్దరికీ ఇదే మొదటి విమాన ప్రయాణం.

వీసా, టికెట్ల పని అయిపోయింది. నా దిగులు వేరు. అక్కా బావా ఆస్పత్రిలో ఉండే ఆ రెండు మూడు రోజులు ఇంట్లో వీళ్లిద్దరే ఉంటారు. అప్పుడు నాయనకు ఛాతీలో నొప్పి వచ్చినా, అంతకుముందే దారిలో పాస్‌పోర్టు పోయినా, పక్కన మేమెవ్వరం లేకుండా వాళ్లంతట వాళ్లు ఏం చేయగలరు? ప్రవాసీ భారతీయ బీమా చేయిస్తే చాలని మా బాబాయి అంటున్నారు. నిజమేనా?

ఒంగోలు మందుల అంగడి:

నాకు తెలిసింది మందుల సంగతి కాబట్టి అంతవరకే చెబుతాను. మన చీటీల మీద ఉండేవి కంపెనీలు పెట్టుకున్న పేర్లు. వాటిని చూపిస్తే అమెరికాలో ఎవరికీ అర్థం కాదు. అసలు మందు పేర్లు రాయించుకోవాలి. వాటిలోనూ తేడాలున్నాయి: మన పారాసిటమాల్‌ను అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు, చక్కెరకు వాడే గ్లిబెన్‌క్లమైడ్‌ను గ్లైబ్యూరైడ్ అంటారు. గుండె డాక్టరు గారి చేత జబ్బులు, స్టెంటు వేసిన తేదీ, మందులు, మోతాదులు, పడని మందులు అన్నీ ఇంగ్లీషులో ఒక్క పేజీలో రాయించి సంతకం చేయించండి. చివరగా తీసిన ఈసీజీ నకలు దానికి జతచేయండి. అక్కడ తీసిన ఈసీజీలో కనిపించే మార్పు పాతదా కొత్తదా అని డాక్టర్లు పోల్చి చూసుకోవడానికి అది చాలా అవసరం.

మందులు షీట్లలోనే, చీటీతో సహా, చేతి సంచిలో ఉండాలి. పెద్ద పెట్టె ఒక్కోసారి రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది, స్టెంటు ఉన్నవారు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ వాడుతూ ఉంటే అన్ని రోజులు మానడం ప్రమాదం. ఇన్సులిన్ ఉంటే అసలే పెద్ద పెట్టెలో వేయకూడదు, గడ్డకట్టి పాడైపోవచ్చు. ఇంకొక మాట: కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్ర అబుదాబి ఉన్న యూఏఈ దేశంలో నియంత్రణలో ఉన్న మందులు. అలాంటివి సంచిలో లేకుండా చూడండి. మసాలా పొడులు కట్టిచ్చే అలవాటు మన ఇళ్లలో ఉంది కదా, గసగసాలు కూడా అక్కడ నిషేధమే.

ఉదయగిరి నుంచి:

నేను కువైట్‌లో పద్నాలుగేళ్లు పనిచేసి ఊరికి వచ్చేశాను. మీ బాబాయి గారు చెప్పిన బీమా మా బోటి వాళ్ల కోసం, అంటే ఈసీఆర్ (వలసకు ప్రభుత్వ అనుమతి కావలసిన) పాస్‌పోర్టు మీద పనికి వెళ్లేవారి కోసం పెట్టినది. ప్రమాదంలో చనిపోతే పది లక్షలు వస్తాయి. చూడడానికి వెళ్లేవారికి అది వర్తించదు.

పాస్‌పోర్టు సంగతి నాకు అనుభవమే. ఒకసారి టాక్సీలో నా సంచి పోయింది. నకలు లేదు, నంబరు గుర్తు లేదు. పోలీసు కాగితం తెచ్చుకొని రాయబార కార్యాలయానికి వెళ్లాను గానీ, మా తమ్ముడు ఇంట్లో పాత జిరాక్సు వెతికి పంపేదాకా పని కదలలేదు. కాబట్టి మొదటి పేజీ, చివరి పేజీ, వీసా పేజీ నకళ్లు తీసి ఒకరివి ఇంకొకరి సంచిలో పెట్టండి. ఫోటోలు మీ దగ్గరా అక్క గారి దగ్గరా ఉండాలి. రాయబార కార్యాలయం వెంటనే ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ మీద ఇండియాకు తిరిగి రావచ్చు గానీ ముందుకు అమెరికా వెళ్లడం కుదరదు.

అబుదాబిలోనే అమెరికా ఇమ్మిగ్రేషన్ పూర్తి చేస్తారు కాబట్టి పాస్‌పోర్టులు బయటకు తీసి, మళ్లీ పెట్టుకోవడం మరిచిపోయేది అక్కడే. పోయిందని తెలిస్తే బయటకు వెళ్లకుండా ముందు విమాన సంస్థ వాళ్లకు చెప్పాలి. టికెట్ రెండు విమానాలకూ కలిపి ఒకే పీఎన్‌ఆర్ మీద ఉందో లేదో చూసుకోండి. ఉంటే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా తరువాతి విమానం ఎక్కించే బాధ్యత వాళ్లదే. వీల్‌చెయిర్ సాయం అడగండి. నడవగలిగిన వాళ్లకెందుకని మొహమాటపడతారు గానీ, భాష రానివారిని ఒక మనిషి గేటు దాకా చేర్చే ఏర్పాటు నాకు తెలిసి అదొక్కటే.

నెల్లూరు, మాగుంట లేఔట్:

బీమా విషయంలో మేము దెబ్బతిన్నాము. మూడేళ్ల క్రితం మా అమ్మ మా తమ్ముడి దగ్గరకు వెళ్లినప్పుడు, ఏజెంటు ఫారం తానే నింపి చక్కెర వ్యాధి లేదని టిక్ పెట్టాడు. మేము చదవకుండా సంతకం చేశాము. అమ్మ అక్కడ ఆస్పత్రిలో చేరాక కంపెనీ పాత రికార్డులు అడిగి క్లెయిమ్ తిరస్కరించింది. తప్పు మాది కూడా కాబట్టి వాదించలేకపోయాము. మీరు స్టెంటు, చక్కెర రెండూ రాయించండి, ప్రీమియం పెరిగినా సరే. అమెరికాలో 1986 నుంచి ఉన్న చట్టం ప్రకారం అత్యవసర విభాగానికి వచ్చినవారిని డబ్బు లేదని చూడకుండా పంపకూడదు, కానీ బిల్లు తరువాత ఇంటికి వస్తుంది, అంబులెన్సుకు కూడా.

ఛాతీ నొప్పి అయితే ముందు అక్కడి అత్యవసర నంబరు 911, ఆ తరువాతే అక్కకు ఫోను. మీ అమ్మానాయనలు కలిసి రెండు సార్లు సాధన చేయాలి. ఇంటి చిరునామా పెద్ద అక్షరాలతో రాసి తలుపు పక్కన అంటించండి. మీ అమ్మ గారు 'తెలుగు, తెలుగు' అంటే చాలు, ఫోనులోకి దుబాసీని పిలుస్తారు. ఆస్పత్రిలో కూడా ఇంటర్‌ప్రెటర్‌ను అడగవచ్చు, దానికి డబ్బులు తీసుకోరు. మరొకటి: ఆపదలో కార్డు పనిచేయాలంటే విదేశీ వాడకాన్ని బ్యాంకు యాప్‌లో ముందే తెరవాలి, 2020 నుంచి కొత్త కార్డులకు అది మూసి ఉంటుంది.

కావలి వాసి:

అందరికీ కృతజ్ఞతలు. ఈరోజు నాయన ప్రయాణ బీమా పాలసీ కాగితం తీసి చూశాను. అందులో చక్కెర ఉంది, స్టెంటు లేదు. రేపు మార్పించబోతున్నాను. టికెట్ కూడా రెండు వేర్వేరు పీఎన్‌ఆర్‌ల మీద ఉందని తేలింది. ట్రావెల్స్ వాళ్లను అడిగితే మార్చడానికి అదనపు రుసుము కట్టాలంటున్నారు, కట్టేస్తాను. అమ్మ చేత 911 సాధన చేయిస్తే, 'పలికేది తెల్లవాళ్లే కదా, తెలుగు అంటే వాళ్లకేం తెలుస్తుంది' అని నవ్వుతోంది. అక్కతోనే చెప్పించాలి.