హవాయి ట్రిప్: కారు అద్దెకు తీసుకోవాలా, వద్దా?

కిరణ్, డాలస్:
అందరికీ నమస్తే. మేం అమెరికా వచ్చి రెండు నెలలైంది. ఇంకో ఆరు వారాల్లో హవాయి వెళ్తున్నాం: నేను, మా ఆవిడ, మూడేళ్ళ బాబు. మూడు రాత్రులు ఓవాహూ దీవిలోని వైకీకీలో, నాలుగు రాత్రులు బిగ్ ఐలాండ్‌లో కోనా దగ్గర. సొంత కారు లేదు. ఇండియా లైసెన్సు, దానితో పాటు ఐడీపీ (ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్) ఉన్నాయి. క్రెడిట్ కార్డు ఒక్కటే, అదీ సెక్యూర్డ్ (బ్యాంకులో డిపాజిట్ పెట్టి తీసుకున్నది), లిమిట్ 500 డాలర్లు. కారు తీసుకోమంటారా, ఉబర్‌తో నెట్టుకురావచ్చా?

సుజాత, శాన్ హోసే:
రెండు దీవులకీ ఒకటే జవాబు కుదరదు కిరణ్.

వైకీకీలో మూడు రోజులూ కారు ఉంచుకుంటే రాత్రికి 50 డాలర్లు అటూ ఇటూగా హోటల్ పార్కింగ్‌కే పోతుంది. కారు మాత్రం కదలదు. బీచ్ నడిచే దూరం, డైమండ్ హెడ్ కొండకి సిటీ బస్సుంది. హవాయి వాళ్ళు కాని వాళ్ళు డైమండ్ హెడ్‌కి ముందే రిజర్వేషన్ చేసుకోవాలి: మనిషికి 5, కారుంటే పార్కింగ్‌కి ఇంకో 10. దీవి ఉత్తర తీరం, నార్త్ షోర్ చూడాలంటే మాత్రం కారు కావాలి, బస్సులో వెళ్ళడానికే రెండు గంటలు దాటుతుంది, పిల్లాడితో నరకం. అందుకని ఆ ఒక్క రోజుకే వైకీకీలో ఉన్న బ్రాంచిలో తీసుకోండి. పొద్దున తీసుకుని సాయంత్రం ఇచ్చేస్తే రాత్రి పార్కింగ్ గొడవ ఉండదు. ఒకటే చూసుకోండి, ఊళ్ళో బ్రాంచిలు సాయంత్రం తొందరగా మూసేస్తారు.

బిగ్ ఐలాండ్‌లో కారు లేకపోతే ఆ నాలుగు రోజులూ హోటల్లో కూర్చోవడమే. కోనా నుంచి వాల్కనోస్ నేషనల్ పార్కు 95 మైళ్ళు, రెండుంబావు గంటలు. ఉబర్ వెళ్ళేటప్పుడు దొరికినా, అక్కణ్ణుంచి తిరిగొచ్చేటప్పుడు దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఎయిర్‌పోర్ట్‌లో దిగగానే తీసుకోండి.

ఒక దీవిలో తీసుకున్న కారు ఇంకో దీవికి తీసుకెళ్ళలేరు. ఆ రెంటి మధ్యా కార్లెక్కించుకునే ఫెర్రీ లేదు. రెండు బుకింగులు వేరువేరుగా చేయాలి.

మూర్తి, హ్యూస్టన్:
అమ్మా, అన్నీ బాగానే చెప్పారు. అసలు సంగతి అది కాదు, లైసెన్సు. టెక్సాస్‌లో స్థిరపడ్డాక 90 రోజుల్లోపు టెక్సాస్ లైసెన్సు తీసుకోవాలి. కాలిఫోర్నియాలో అయితే 10 రోజులే, వాషింగ్టన్‌లో 30. రెండు నెలలు అయ్యాయంటున్నారు, ఇంకో ఆరు వారాలు కలపండి. విమానం ఎక్కేసరికి 90 దాటిపోతుంది. ఐడీపీ అనేది లైసెన్సుకి తర్జుమా కాగితం, అంతకు మించి బలం దానికి లేదు. డీపీఎస్ (టెక్సాస్‌లో లైసెన్సులిచ్చే ఆఫీసు) అపాయింట్‌మెంట్ ఇవాళే పెట్టండి. టెస్టు పాసయ్యాక అక్కడికక్కడ ఇచ్చేది కాగితం, అసలు కార్డు పోస్టులో వారాల తర్వాత వస్తుంది. అద్దె కౌంటర్లలో చాలామంది ఆ కాగితం చూసి తల అడ్డంగా ఊపుతారు. కార్డు చేతికొచ్చాకే ప్రయాణం అన్నట్టు ప్లాన్ చేసుకోండి.

రవి, సియాటెల్:
మూర్తిగారు చెప్పింది కరెక్టే. కానీ కౌంటర్ దగ్గర అంతకంటే ముందు తన్నేది ఆ 500 లిమిట్. అద్దె మొత్తానికి పైన ఇంకో 200 నుంచి 500 దాకా హోల్డ్ పెడతారు, అంటే కారు తిరిగిచ్చేదాకా కార్డులో ఆ మొత్తం ఆపి ఉంచుతారు. హోటల్ వాళ్ళు కూడా రోజుకింత అని హోల్డ్ పెడతారు. ఓవాహూ హోటల్ హోల్డ్ వదలకముందే కోనాలో కారు కౌంటర్ దగ్గర నిలబడితే డిక్లైన్.

మూడు దార్లున్నాయి. సెక్యూర్డ్ కార్డులో డిపాజిట్ పెంచితే లిమిట్ పెరుగుతుంది, చాలా బ్యాంకులు ఒప్పుకుంటాయి, కాకపోతే కొన్ని రోజులు పడుతుంది. లేదా వెళ్ళే వారం ముందే కార్డు బిల్లు పూర్తిగా కట్టేసి, హోటల్‌కి డెబిట్, కారుకి క్రెడిట్ అని విడదీయండి. మూడోది కారుకే డెబిట్ కార్డు. కొన్ని కంపెనీలు తీసుకుంటాయి, కానీ తిరుగు విమానం టికెట్ అడుగుతాయి, కొన్నిచోట్ల క్రెడిట్ చెక్ కూడా చేస్తాయి, అమెరికాలో రెండు నెలల చరిత్ర ఉన్నవాడికి అది దాటడం కష్టం. పైగా డెబిట్ మీద హోల్డ్ అంటే ఖాతాలో నిజం డబ్బు ఇరుక్కున్నట్టే, కారు ఇచ్చాక కూడా వారం పది రోజులు పట్టొచ్చు. కార్డు మీద పేరు, డ్రైవర్ పేరు ఒకటే ఉండాలి, ఇది మర్చిపోకండి.

ఇంకోటి, "పే లేటర్" రేటుకే బుక్ చేయండి. ఉచితంగా రద్దు చేసుకోవచ్చు. వారానికోసారి రేటు చూసి, తగ్గితే కొత్తది బుక్ చేసి పాతది రద్దు చేయడమే. కాస్ట్‌కో మెంబర్‌షిప్ ఉంటే వాళ్ళ ట్రావెల్ సైట్లో చూడండి, రెండో డ్రైవర్‌కి అదనపు చార్జీ ఉండదు. ఒప్పందంలో పేరు లేనివాళ్ళు స్టీరింగ్ పట్టుకుంటే ఇన్సూరెన్స్ గాలికిపోయినట్టే.

శేఖర్, న్యూజెర్సీ:
ఇన్సూరెన్స్‌కి క్రెడిట్ కార్డు చాలు. కౌంటర్లో అమ్మేవన్నీ వద్దనండి. సొంత కారు పాలసీ లేనివాడికి కార్డు ఇచ్చే సెకండరీ కవర్ (సొంత పాలసీ కట్టాక మిగిలింది కట్టేది) కూడా ప్రైమరీలాగే (మొదటే కట్టేదిలాగే) పనిచేస్తుంది, ముందు క్లెయిమ్ చేయడానికి ఇంకో పాలసీ లేదు కాబట్టి.

రవి, సియాటెల్:
శేఖర్ అన్నా, సగమే చెప్పావ్. ఆయనది సెక్యూర్డ్ కార్డు, చాలా వాటిలో అసలు అద్దె కారు కవరే ఉండదు. బ్యాంకుకి ఫోన్ చేసి "గైడ్ టు బెనిఫిట్స్" (కార్డుతో ఏమేం వస్తాయో రాసిన పుస్తకం) పంపమని అడగాలి. లేకపోతే కౌంటర్లో సీడీడబ్ల్యూ (అద్దె కారుకి దెబ్బ తగిలితే ఖర్చు మన మీద పడకుండా చూసేది) కొనాల్సిందే. ఉందనుకున్నా కార్డు కవర్ మన చేతిలో ఉన్న అద్దె కారుకే. అవతలి కారుకి, అవతలి మనిషికి తగిలితే కార్డు పైసా ఇవ్వదు. సొంత కారున్నవాళ్ళకి వాళ్ళ పాలసీ ఆదుకుంటుంది, ఈయనకి అది లేదు. దానికి ఎస్ఎల్ఐ (అవతలివాళ్ళ నష్టానికి ఇన్సూరెన్స్) అని వేరే ఉంటుంది, ఈ ట్రిప్‌కి నేనైతే అది తీసుకోమంటాను.

శేఖర్, న్యూజెర్సీ:
సరే, ఎస్ఎల్ఐ ఒప్పుకున్నా. టోల్ ట్యాగ్, ప్రీపెయిడ్ పెట్రోల్ మాత్రం అంటగట్టించుకోకండి. హవాయిలో టోల్ రోడ్డే లేదు.

పద్మజ, ప్లేనో:
కారు తీసుకునే పది నిమిషాల గురించి ఎవరూ రాయలేదు. ఇక్కడి ఒక జంటకి ఏమైందో వివరంగా చెప్తాను. రాత్రి తొమ్మిదింటికి దిగారు, అద్దె కార్లు నిలిపే లాట్లో చీకటి, పిల్లలు ఏడుస్తున్నారు, తాళం తీసుకుని వెళ్ళిపోయారు. ఇచ్చేటప్పుడు కూడా ఆఫీసు తెరవకముందే తాళం డబ్బాలో వేసి వచ్చేశారు. మూడు వారాలకి ఉత్తరం: ముందు బంపర్ కింద గీత, కుడి వెనక చక్రం రిమ్ముకి దెబ్బ. రిపేరుకి ఒక మొత్తం, బండి షెడ్డులో ఉన్న రోజులకి "లాస్ ఆఫ్ యూజ్" అని ఇంకో మొత్తం, దానిపైన అడ్మిన్ ఫీజు. కార్డు వాళ్ళకి క్లెయిమ్ పెడితే అడిగినవి ఇవి: మొదటి ఒప్పందం, ముగింపు బిల్లు, వివరంగా రాసిన రిపేరు ఎస్టిమేట్, ఫోటోలు, ఆ రోజుల్లో మిగతా బళ్ళన్నీ అద్దెకి పోయాయని చూపించే ఫ్లీట్ లాగ్. ఆ లాగ్ అద్దె కంపెనీ ఇవ్వలేదు. అది లేకుండా లాస్ ఆఫ్ యూజ్ కట్టం అని కార్డు వాళ్ళన్నారు. నెలల తరబడి ఫోన్లు. రిపేరు డబ్బు వచ్చింది, మిగతాది జేబులోంచి పోయింది.

అందుకే లాట్ దాటకముందే వీడియో. నెంబర్ ప్లేటుతో మొదలుపెట్టి చుట్టూ తిరగండి. ఫోన్ కిందికి వంచి రెండు బంపర్ల అడుగుభాగం, నాలుగు రిమ్ములు దగ్గరగా, అద్దం మీద రాళ్ళ మచ్చలు, పైకప్పు. లోపల పెట్రోల్ ముల్లు, ఓడోమీటర్. చీకటిగా ఉంటే వెలుతురు కిందికి నడుపుకొచ్చి తీయండి. స్పేర్ టైరు ఉందో, గాలి నింపే కిట్టే ఇచ్చారో డిక్కీ తెరిచి చూడండి. ఇచ్చేటప్పుడు ఇంకో వీడియో, మనిషి చేత ముగింపు రసీదు. బీచ్ ఇసుక దులపకపోతే క్లీనింగ్ ఫీజు కూడా వేస్తారు.

బాబుకి కార్ సీటు మీదే తీసుకెళ్ళండి, అమెరికా ఎయిర్‌లైన్స్ దానికి డబ్బు తీసుకోవు. మూడేళ్ళవాడికి హవాయి చట్టం ప్రకారం బెల్టులున్న సీటే కావాలి, బూస్టర్ కుదరదు.

మూర్తి, హ్యూస్టన్:
కోనా నుంచి హీలో వెళ్ళే శాడిల్ రోడ్డు మీద అద్దె కార్లు నిషేధం. అది గుర్తుంచుకోండి.

సుజాత, శాన్ హోసే:
మూర్తిగారూ, అది పాత మాట. ఆ రోడ్డు దాదాపు మొత్తం కొత్తగా వేశారు, ఇప్పుడు డేనియల్ ఇనోయే హైవే అంటారు, మామూలు సెడాన్‌కి ఏ ఇబ్బందీ లేదు. పెద్ద కంపెనీల్లో ఇప్పుడు చాలావరకు అడ్డు చెప్పవు. దార్లో పెట్రోల్ బంకు లేదు, పొగమంచు పడుతుంది, అంతే. నేషనల్ పార్కులో కూడా బంకు లేదు. పార్కు టికెట్ కారుకి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది, కార్డే తీసుకుంటారు.

నిషేధం మౌనా కేయా కొండ పైభాగం రోడ్డుకి. 9,200 అడుగుల దగ్గర విజిటర్ స్టేషన్ దాకా ఎవరైనా వెళ్ళొచ్చు. ఆపైన మట్టి రోడ్డు, ఫోర్ వీల్ డ్రైవ్ లేకుండా పోనివ్వరు, జీపు తీసుకున్నా చాలా ఒప్పందాలు ఆ ముక్కని పేరు పెట్టి మినహాయిస్తాయి. దిగేటప్పుడు బ్రేకులు కాలిపోతే టోయింగ్ ఖర్చూ మీదే. పసివాడితో ఆ ఎత్తుకి వెళ్ళనే కూడదు. వైపియో లోయలోకి దిగే రోడ్డు 2022 నుంచి టూరిస్టులకి మూసేశారు, సొంతంగా వెళ్తే పైనుంచి చూడ్డమే.

శేఖర్, న్యూజెర్సీ:
అసలు బిగ్ ఐలాండ్ బదులు మావీ దీవి పెట్టుకోవాల్సింది. అక్కడి హలెయకలా కొండ 10,023 అడుగులు, సూర్యోదయానికి కారుకి ముందే రిజర్వేషన్, ఒక డాలరు, 60 రోజుల ముందు తెరుస్తారు. దిగేటప్పుడు గేరు "ఎల్"లో (లో గేరులో) వేయాలి. బ్రేకు నొక్కిపట్టి దిగితే సగం దారికే కాలిన వాసన, పెడల్ మెత్తబడుతుంది.

సుజాత, శాన్ హోసే:
ఆయన టికెట్లు కొనేశారు శేఖర్.

కిరణ్, డాలస్:
అందరికీ థ్యాంక్స్. డీపీఎస్‌లో వచ్చే బుధవారం స్లాటు దొరికింది. వైకీకీలో ఒక్క రోజు, కోనాలో నాలుగు రోజులు, రెండూ పే లేటర్. సామాను కారు డిక్కీలో పెట్టి బీచ్‌కి వెళ్తే పర్లేదా?

పద్మజ, ప్లేనో:
వద్దు. బీచ్‌ల దగ్గర, ట్రెయిల్‌హెడ్‌ల దగ్గర అద్దాలు పగలగొట్టేవాళ్ళు అద్దె కార్లనే చూసుకుంటారు. అక్కడికి వెళ్ళి డిక్కీ తెరిచి సర్దారంటే చూపించినట్టే. చెక్-ఇన్ కాకముందు, చెక్-అవుట్ అయ్యాక బ్యాగులు హోటల్ డెస్కులో వదలండి. తాళం జేబులో పెట్టుకుని సముద్రంలోకి దిగకండి. ఇప్పటి రిమోట్ తాళాలకి ఉప్పునీళ్ళు తగిలితే కారు స్టార్టవకపోవచ్చు, ఇంకో తాళానికి పడే బిల్లు చాలా ఇన్సూరెన్సులు చూసుకోవు.